ఇరవై ఏడో సీసా

మాస్టారి సంగతి నన్నడిగితే
పార్లమెంటు దగ్గర మొదలెట్టను.
ల్యాబులో సింకు దగ్గర మొదలెడతాను.
సాయంత్రం కాలేజీ ఖాళీ అయ్యాక
పొందూరు ఖద్దరు మోచేతుల దాకా మడిచి
పరీక్షనాళికలు తానే కడిగేవారు రౌతు లోకనాథం గారు.
"అటెండర్ని నేనున్నాను కద బావూ" అంటే
"కడగడం రానివాడికి కొలవడం రాదు అసిరయ్యా" అనేవారు.

ఆదివారాలు ఆమదాలవలసలో పాసింజరెక్కి
పలాసలో దిగి, అద్దె సైకిళ్ల మీద జీడితోటల్లోకి.
బావికో సీసా.
మూతకి లక్క పోసేది నేను.
కాగితం మీద ఊరు, బావి, తారీకు
మాత్రం ఆయన చేతిరాతే.
ఒకచోట ఒకావిడ వాచిన పాదాలు ముందుకి పెట్టి
"ఇవి కూడా రాసుకో బావు" అంది.
రాసుకున్నారు.

మొత్తం నలభై ఒక్క సీసాలు. లెక్క తేలాక సర్కారుకి పంపారు.
"తమ నివేదిక పరిశీలనలో ఉన్నది."
ఆ జవాబు పోస్టాఫీసు నుంచి మోసుకొచ్చింది నేనే,
మూడేళ్లలో పదకొండు సార్లు.
పన్నెండోసారి వచ్చింది సస్పెన్షను.
ఆ సాయంత్రమే ఏడు రోడ్ల జంక్షన్లో బల్లెక్కి
అంకెలన్నీ కూరగాయల ధరల్లా గట్టిగా చదివేశారు.
మర్నాడు ల్యాబుకి సీలు, ఆయనకి జీపు.
సీలు పడకముందు ఒక సీసా
నా క్యారేజీ సంచిలోకి ఎలా వచ్చిందో
ఎంక్వయిరీలో చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను.

తరవాత జైలు, జైల్లో గడ్డం, గడ్డంతోనే ఎన్నికలు.
ఓడారు. మళ్లీ ఓడారు.
మూడోసారి ఢిల్లీ.
టీవీలో చూస్తే
మైకుని పరీక్షనాళికలాగే పట్టుకునేవారు,
అవక్షేపం అడుక్కి దిగేదాకా ఆగినట్టు
మాట మధ్యలో ఆగిపోయేవారు.
ఎదుటివాళ్లు అరుస్తుంటే నాకు నవ్వొచ్చేది.
ఫస్టియర్ బీయెస్సీ గోల వేగినాయనకి ఇదేపాటి?

ఆ పక్క కుర్చీలు ఈ పక్కకొచ్చాయి.
సభలో పార్టీకి ఆయనే నాయకుడు.
ఒకరోజు కొత్తగా గెలిచిన పిల్లొకర్తె లేచి
జీడితోటల ఊళ్ల నీళ్ల సంగతేమిటని అడిగింది.
మాస్టారు లేచారు.
ఖద్దరు మోచేతుల దాకా మడిచే ఉంది.
"నివేదిక పరిశీలనలో ఉంది."
ఆగలేదు. ఏదీ అడుక్కి దిగలేదు.
కూర్చున్నారు.
నేను టీవీ కట్టెయ్యలేదు. తరవాత అన్నం కూడా తిన్నాను,
అబద్ధమెందుకు.

పోయిన మాఘంలో గెస్టుహౌసుకి వచ్చారని తెలిసి
సీసా చేత్తో పట్టుకుని వెళ్లాను.
"ఏటది?" అన్నాడు గేటు దగ్గర కానిస్టేబులు.
"నీళ్లు."
"అయితే ఒక గుక్క తాగి చూపించు."

డెబ్బై దాటిన ప్రాణమే. అయినా తాగలేను.
ఆ పాదాలు చూసినవాణ్ని.
మూత మీద బొటనవేలేసి
అలాగే నిలబడిపోయాను.

కారు ఆగింది. అద్దం సగం దిగింది.
నా మొహం గుర్తుపట్టలేదు.
కాగితం మీద తన రాత గుర్తుపట్టారు.
"ఎన్నో నంబరు?"
"ఇరవై ఏడు బావూ."
"కొర్లపుట్టుగ. బడి వెనకాల బావి. గిలక ఉండేది కాదు."
చెయ్యి బయటికి చాచారు. అడిగారనుకున్నాను.
కాగితం అంచు లేచిపోయి ఉంటే
వేలు నాలిక్కి తడిచేసుకుని అంటించారంతే.
"జాగ్రత్తగా ఉంచు, అసిరయ్యా."
అద్దం పైకెళ్లింది.

ఇప్పుడది మా అటక మీద,
మనవరాలికి అందకుండా.
లక్క చెదరలేదు. నీళ్లు తేటగానే ఉన్నాయి.
అందుకే అంత ఎత్తున పెట్టాను.