ఇరవై తొమ్మిదో రోజు

నా బల్ల మీదికి పేర్లు రావు.
గుడ్డసంచి వస్తది, మూతికి లక్క ముద్ర,
మెడకు అట్టముక్క, దాని మీద ఒక అంకె.
ఏ దుకాణమో, ఏ మండలమో, ఎవరి చెమటో
సారు బీరువాల తాళం కింద ఉంటది.
వరంగల్ విత్తన పరీక్ష ఆఫీసుల
ఇరవై రెండేండ్ల సంది
నేను అంకెలకే నీళ్లు పోస్తున్న.

ఈసారి గినీగడ్డి.
వడ్లయితే చేతికి బరువు తెలుస్తది,
మక్కలు రాల్తే చప్పుడైతది.
గడ్డిగింజకు రెండూ లేవు.
ఫ్యాను బందుపెట్టి, కిటికీ మూసి,
ఊపిరి పక్కకు తిప్పి లెక్కపెట్టాలె.
కొలువుల చేరిన ఏడు నేనొక్కసారి తుమ్మితే
నమూనా మొత్తం మళ్లా తూకమేసినం.

అద్దం కింద మూడు కుప్పలు:
అసలు గింజ, పొట్టూ మన్నూ, కలుపు.
కలుపుల నల్లగ, నూనె రాసినట్టు మెరిసేవి పదకొండు.
గునుగు.
పెత్రమాస నాడు ఒడినిండ కోసుకొచ్చి
కొసలకు రంగులద్దిన చేతులే ఇవి.
రిజిస్టరుల మాత్రం ఆ గడికి ఒక్కటే పేరు.
కలుపు, పదకొండు అని రాసి
పక్కన పొట్టి సంతకం పెట్టిన.

చట్టం గడ్డిని పెద్దగ అడగదు.
వరిని నూటికి ఎనభై అడుగుతది.
గినీగడ్డిని ఇరవై మొలువుమంటది, అంతే.
గడ్డి సంగతి తెలిసినోళ్లెవరో రాసినట్టున్నరు ఆ గీత.
నాలుగు వందల గింజలు, నాలుగు డబ్బాలు, తడి కాయితం.
పదో రోజు ఒక లెక్క,
ఇరవై ఎనిమిదో రోజు ఆఖరి లెక్క.

నడుమల ఒక రాత్రి ఓదెలు ఫోను.
చిన్నమ్మ కొడుకు. గొర్లమ్మి
ఎకరంనర గడ్డివిత్తనం పెట్టిండు పోయినేడు,
పరకాల దుకాణంతోటి ఒప్పందం.
"లాటు ఆపిన్రక్కా. అమ్మొద్దని కాయితం అంటించి పోయిండు.
నమూనా నీ దిక్కే వచ్చిందట."
నా దిక్కు అంకెలే వస్తయి తమ్మీ, అన్న.
అటు కొంచెంసేపు చప్పుడు లేదు.
తర్వాత మెల్లగ,
"దాంట్ల గునుగున్నదా?"

గునుగు ఎక్కడ లేదు?
ములుగు తొవ్వ పొడుగూత ఉన్నది,
జమ్మికుంట పట్టాల పక్కన ఉన్నది,
మా ఆఫీసు గోడ పగుల్ల ఉన్నది.
గునుగును బట్టి ఊరు చెప్పరాదు.
ఈ మాట ఓదెలుకు చెప్పలే.
నాకు నేనే రెండుసార్లు చెప్పుకున్న.

ఇరవై ఎనిమిదో రోజు.
పద్దెనిమిది. ఇరవై ఒకటి. పదిహేడు. ఇరవై.
కూడితే డెబ్బై ఆరు.
నాలుగు పాళ్లు చేస్తే పందొమ్మిది.
పట్టకారు కొసతోటి ప్రతి తెల్లవేరునూ మళ్లా పలకరించిన.
పందొమ్మిదే.
నాలుగు గింజలు నోరు తెరిచి ఉన్నయి,
వేరు బయటికి రాలే.
ఇరవైకి నాలుగే తక్కువ.

నాకు పని నేర్పిన సుగుణ మేడం అంటుండె:
కనికరానికి వేరే కాయితం కొనుక్కో పిల్లా,
దీని మీద రాయకు.
ఈ సంచి కొనేటామె ఒకతె ఉంటది ఎక్కడో,
బర్రె అప్పు కిస్తు కడుతున్నామె,
దున్ని, చల్లి, నెలరోజులు ఉత్త మన్ను చూసేటామె.
ఆమె పేరు కూడ నాకు రాదు.

పందొమ్మిది రాసిన. నీలిసిరా.
కొట్టివేతలు లేవు.

తెల్లారి డబ్బాలు కడగబోతే
ఆ నాలుగూ మొలిచినయి.
ఇరవై తొమ్మిదో రోజుకు
రిజిస్టరుల గడి లేదు.
కాయితాలు మడిచి వెనుక మోరీ పక్కకు పారబోసిన.

వానలు పడ్డంక అక్కడ మోకాలెత్తు గడ్డి.
వాచ్‌మన్ ఐలయ్య మేకను కట్టేస్తున్నడు.
ఆ లాటు ఎవరిదో నాకిప్పటికీ తెల్వదు.
ఓదెలు మళ్లా ఫోను చెయ్యలే.

పెత్రమాస దగ్గరకొచ్చింది, ఊరికి పోవాలె.
మా వాడకు గునుగంతా ఓదెలు చెలకలనే.
ఎప్పటిలెక్క, గట్టు మీద నిలవడి,
అడిగి కోసుకోవాలె.