ఎత్తుపీటలు

సముద్రం పక్కన పుట్టినోణ్ణి.
మా వైపు ఇల్లంటే వంగుతుంది.
తాటాకు చూరు నడుం దాకా దిగి
తల వంచనిదే లోపలికి రానివ్వదు.
ఉద్యోగం కాగితంలో కర్నూలు అని ఉంది.
మ్యాపు మీద వేలు పెట్టి చూశాను,
ఎటు కొలిచినా ఉప్పునీళ్లు జానెడు దూరం.

పాతబస్తీలో మొదటి నెలంతా
సందులకు పేర్లు లేవు నాకు, తప్పులే.
ముందు వీధిలో తేలాల్సినవాణ్ణి
ఎవరి పెరట్లోనో తేలేవాణ్ణి.
కోళ్లు, ఆరేసిన లుంగీలు, "ఎవురప్పా అది?"
"కరెంటు బిల్లండీ"
ఆ "అండీ"కి గోడ వెనక నవ్వులు.

ఇక్కడి పాత ఇళ్లు వంగవు.
నాపరాళ్ల మీద నిటారుగా నిలబడి
నెత్తిన మట్టి మోస్తాయి.
దంతెల మీద కట్టెలు, కట్టెల మీద ఆకు,
ఆకు మీద జానెడు చౌడు,
నడిమధ్యన గవాచి.
పన్నెండింటికి అందులోంచి ఎండ
చేంతాడు లేని చేదలా దిగుతుంది,
వంటింట్లో ఒక్క గిన్నె మీదే ఒలుకుతుంది.

మద్దిలేటి వాళ్లింటికి ఒక గోడ రాయి, ఒక గోడ ఇటుక,
ఒకటి పక్కింటివాళ్లది.
"నాలుగోది?" అన్నాను.
"అప్పు" అన్నాడు, బీడీ ఆర్పకుండా.

బురుజు చూశావా అని ఊరి నుంచి ఫోన్లు.
చూశాను.
దాని నీడలో కూర్చుని చిల్లర లెక్కపెట్టుకున్నాను.
ఊరు మాత్రం అక్కడ లేదు.

ఊరు మీటర్ల దగ్గర ఉంది.
నా చెయ్యెత్తినా అందవు, అద్దంలో అంకెలు కనిపించవు.
ఇంత పైన ఎవరు బిగించారమ్మా అంటే
ఉరుకుందమ్మ జవాబు చెప్పలేదు.
మునివేళ్ల మీద లేచి
గోడ మీద చెయ్యి ఆనించింది.
సున్నం కింద ఒక మట్టిరంగు గీత,
గోడంతా సాగి, మూల తిరిగి, పక్కింట్లోకి పోయింది.
"ఆడికొచ్చినాయి నీళ్లు.
మేం మునిగినా మీటరు మునగగూడదంట."

అప్పట్నుంచి ప్రతి ఇల్లూ నాకొక పీట తెస్తుంది.
జైనబ్బీ కుట్టుమిషను స్టూలు,
దాని మీద దారపు ముక్కలు నా చెప్పులకంటుకుని
మూడు వీధులు నాతో వస్తాయి.
సుంకన్న ఇంట్లో బోర్లించిన పాల క్యాను.
పెద్ద మసీదు వెనక ఇంట్లో పీట లేదు,
ఒక కుర్రాడు వీపు వంచుతాడు,
వద్దురా అంటే అలుగుతాడు.
పీటెక్కిన ప్రతిసారీ
నా కళ్లు ఆ గీతకు సరిగ్గా ఎదురవుతాయి.
తుంగభద్ర ఒక రాత్రి చూసిన ఎత్తు నుంచి
చూస్తాను ఇంటిని:
దేవుడి గూడు, పిల్లల బడిసంచులు,
ఎవరూ తుడవని బీరువా నెత్తి.
యూనిట్లు రాసుకుని దిగుతాను.
ఆ రాత్రి మిద్దెల మీద ఎవరెవరు ఉన్నారో
వాళ్లు చెబుతుంటే వింటాను.
నేనప్పుడు మా ఊళ్లో వలలు ఆరేస్తున్నాను.
వార్తల్లో చూసే ఉంటాను. గుర్తు లేదు.

పోయిన వారం నా అద్దె గదికి సున్నం.
ఓనరు ఊళ్లో లేడు. కాశీం వలీ కుంచె ముంచి
గీత దగ్గర ఆగాడు.
"కొట్టేయనా సార్? రెండు పట్లు ఏస్తే కనపడదు."
నా గోడ కాదు. నా నీళ్లు కావు.
వదిలీ బాబూ అనబోయాను.
"ఇడ్సిపెట్టప్పా" అని వచ్చింది.

ఇద్దరం కాసేపు ఏం మాట్లాడలేదు.
పైభాగం కొట్టడానికి అతనికి ఎత్తు కావాలి.
గదంతా వెతికాను. నా దగ్గర పీట లేదు.
ఇన్నేళ్లూ అందరి పీటలూ ఎక్కినవాణ్ణి
సందు దాటి జైనబ్బీ తలుపు కొట్టాను.
"ఇయాల బిల్లు కాదుగదా?"
"కాదు.
మా ఇంట్లోకి."