పుప్పొడి పద్దు

సీతాఫలం పువ్వు విప్పుకున్ననాడు ఆడది,
మర్నాడు మాపటికి మగది.
తన పుప్పొడి రాలే యాల్లకు
తన తడి ఆరిపోయి ఉంటది.
ఏదో ఒక చిన్న పురుగు దూరి
ఈ పువ్వు పొడి ఆ పువ్వుకు మోస్తే కాయ,
మోయకుంటే రాలుడే.

మూడేండ్ల సంది ఆ పురుగు పని నేను చేస్తున్న.
జడ్చర్ల బస్టాండు పక్కల పిల్లల దుకాణంల కొన్న
పదిహేను రూపాయల కుంచె,
మాత్రల డబ్బీల పుప్పొడి,
పొడి అద్దిన కొమ్మకు ఎర్ర దారం,
నోటుబుక్కుల చెట్టు నంబరు, పువ్వు నంబరు, పొద్దు.
బాలానగర్ అవతల గుట్టల్ల నూట నలభై చెట్లు,
సగం సర్కారువి, సగం కుర్మమ్మవి.

ఒకనాడు సద్దిమూట విప్పుకుంట అడిగింది కుర్మమ్మ:
"దీనికి కూలెంత బిడ్డా?"
నెలకు ఇంతని చెప్పిన.
నోరు తెరిచింది.
అది రాక పదకొండు నెలలాయె అని కూడ చెప్పిన.
నోరు మూసింది.
పూనా, షోలాపూర్ దాక పోయి
కాలువలు తవ్వి వచ్చిన మనిషి,
బాకీ కూలి అంటే ఏందో ఆమెకు నేర్పే పని లేదు.
"మరి నీ మేస్త్రి ఎవడు?
వాని ఇంటి ముంగట పోయి కూసో."

నా మేస్త్రి ఎవరు?

సారా? ఆయన సంతకం పెట్టిండు,
పెన్నుకు మూత పెట్టలే,
మళ్ళ పెట్టాల్సి వస్తదని.
రిజిస్ట్రారా? కొత్తాయన రాలే, పాతాయన పోలే.
ఢిల్లీల పోర్టలా?
దాని ముంగట కూసుంటనే ఉన్న,
తెల్లటి తెర మీద చక్రం ఒకటి తిరుగుతుంటది.

హాస్టల్ల నా పక్క మంచం జములమ్మది.
గద్వాల నేతగాండ్ల లెక్కల పుస్తకాలు చదివేది.
ఐదో ఏడు మెస్ బాకీ కట్టి
మిర్యాలగూడల ప్రైవేటు కాలేజీకి పోయింది.
ఆమె మూడో అధ్యాయం నా ట్రంకుపెట్టెలనే ఉంది.

అకౌంట్స్ సెక్షన్ హబీబుద్దీన్ సాబ్ మంచోడు.
రోగికి ఎక్స్‌రే చూపించినట్టు
ఫైలు నాకు చూపిస్తడు.
"గీడ ఆగిందమ్మా."
నాకంటె ముందటి ప్రాజెక్టుల ఫ్రిజ్ కొన్నరు,
బిల్లు ఏడనో పెట్టి రిటైరయిన్రు,
ఖర్చు పత్రం పోలే, కొత్త పైసలు రాలే.
ఆ ఫ్రిజ్ మా ల్యాబులనే ఉంది.
తలుపుకు తాడు కట్టి
నా పుప్పొడి దాసేది దాంట్లనే.

ఆఖరికి వచ్చినయి పైసలు.
నా కూలి గాదు, ప్రాజెక్టువి.
మార్చి ఇరవై మూడు.
ముప్పై ఒకటి లోపల ఖర్చు చూపాలె,
మిగిలింది వాపస్.
మార్చిల సీతాఫలం చెట్టుకు
ఆకు కూడ ఉండదు సాబ్!
"ఆకుతోని పద్దుకు సంబంధం లేదమ్మా,"
చాన నెమ్మదిగ అన్నడు, తిట్టినట్టు గాదు.
మూడు కొటేషన్లు తెచ్చి
గాజు గొట్టాలు కొన్నం, అల్మారా నిండ.
చేతి తొడుగులు కొన్నం,
మాల ఎవరికీ పట్టని సైజు.
జడ్చర్ల బస్సు కిరాయికి మాత్రం పద్దు లేదు.
మే నెలల పూలు విప్పుకునే యాల్లకు
మళ్ళ నా సంచిల నా టికెట్లే.

ఆశ్వీజం.
దారం కొమ్మలకు కాయలు గుండ్రంగ, పిడికిట్ల పట్టకుంట.
దారం లేనియి వంకరగ, ఒక పక్క పీక్కపోయి.
ఇది నా నాలుగో అధ్యాయం, పట్టిక తొమ్మిది.
కుర్మమ్మకు పట్టిక అక్కర్లే.
హైవే పక్కన గంపలు పెట్టి
దారం కాయలు వేరే ధరకు అమ్మింది.
మాపటికి కొంగుముడి విప్పి
ఏడు వందలు పక్కకు పెట్టింది,
నేను గింజలు లెక్కపెట్టెతందుకు కోసిన
ఇరవై రెండు కాయల పైసలు పట్టుకొని
నాలుగు వందల ఎనభై నా చేతుల పెట్టింది.
"ఇది నీ కూలి."

దీన్ని ఏ పద్దుల రాయాలె అని సాబ్‌ను అడిగిన.
కండ్లద్దాలు తీసి తుడుచుకున్నడు.
"రసీదు ఉందా?"
కుర్మమ్మ వేలిముద్ర వేస్తది, తెమ్మంటరా?
"వద్దులే," అని ఫైలు మూసిండు.
జరసేపాగి
మళ్ళ తెరిచి
ఫ్రిజ్ బిల్లు కోసం
మొదటి కాయితం నుంచి వెతుకుడు మొదలుపెట్టిండు.