నీళ్ళకు జ్వరం

వఫ్రా మజ్రాలో తెల్లారుజాము మూడున్నర.
ఏడో తొట్టిలో ఒక బుల్తీ చేప
తన చుట్టూ తానే తిరుగుతోంది,
గానుగెద్దు కూడా అంత వదలకుండా తిరగదు.
కనుగుడ్డు బయటికి ఉబికి
దాని మీద పాలపొర.

నేను పుల్లంపేట మేకలవాణ్ణి.
చెవి పట్టుకుంటే జ్వరమెంతో చెప్పేవాణ్ణి,
పెంటిక చూసి పొట్ట సంగతి,
అరుపులో జీర విని రోగం పేరు.
చేపకు పట్టుకోను చెవి లేదు, వినను అరుపు లేదు.
దాని ఒళ్ళు నీళ్ళెంత వేడో అంతే వేడి.
జ్వరమంటూ వస్తే నీళ్ళకే రావాలి.

థర్మామీటరు ముంచాను.
ముప్పై నాలుగు.
ఎండ ఇంకా పుట్టనే లేదు.

మేత ఆపాను. గాలి మోటారు పెంచాను.
ఏడో తొట్టి వల ఎనిమిదిలో ముంచొద్దని
మొతాలెబ్‌కు సగం హిందీలో, సగం చేతులతో చెప్పాను.
ఎనిమిదికి సబ్రీ డాక్టరు వచ్చి
తేలినవి లెక్కపెట్టాడు, నలభై ఒకటి.
ఒకదాన్ని కోశాడు.
మేకైనా చేపైనా లోపలి సరుకు అదే:
కార్జం పాలిపోయింది,
బల్ల నేరేడుపండులా నల్లగా ఉబ్బింది.
"బాక్టీరియా" అన్నాడు ఈజిప్టు గొంతుతో.
ఆ ఒక్క మాటకు మా ఇద్దరి మధ్యా
తర్జుమా అక్కర్లేకపోయింది.

పది రోజులు మందు మేత.
ఆ తర్వాత ఇరవై రోజులు అమ్మరాదని
సంచి మీద ఎర్రగా రాసుంది.
గురువారం బండి వస్తుంది కదా,
అర్బాబు వచ్చి సంచిని గోడవైపు తిప్పాడు.
ఆయన కారు దుమ్ము అణగకముందే
సబ్రీ దాన్ని మళ్ళీ ఇటు తిప్పాడు.
గురువారం బండి ఖాళీగా పోయింది.
ఎవరు ఎవరితో ఏమన్నారో నాకు తెలీదు.

పోయినేడు మెడికల్‌లో
పీరయ్య ఊపిరితిత్తి మీద
పావలాబిళ్ళంత మచ్చ కనిపించింది.
వాడికెవరూ ఇరవై రోజులు ఇవ్వలేదు.
మూడో నాటికి విమానం.
వాడి పరుపు మీద ఇప్పుడు మేత సంచులు.

వల లాగేటప్పుడు
వీపు ముల్లు దిగిన నా బొటనవేలు
ఐదు వారాలైనా మానలేదు.
గోరు పక్కన గట్టిపడి, వంకాయ రంగు.
ఆదివారం ఇకామా మెడికల్.
సబ్రీకి చూపిద్దామని రెండుసార్లు తొడుగు సగం లాగి
మళ్ళీ ఎక్కించాను.
చేపల డాక్టరు గదా, ఏం చెప్తాడు?
చెప్తాడనే భయం.

ఈ పొద్దు ఏడో తొట్టిలో
ఒక బుల్తీ తిన్నగా ఈదింది.
నా నీడ చూసి పైకొచ్చి నోరు తెరిచింది.
ఎడమచేత్తో చల్లాను.