సున్నా రిటర్ను

కావలి ట్రంకు రోడ్డు మీద, మందుల షాపు పైన,
చెప్పులు కిందే విప్పి ఎక్కాల్సిన ఆడిటరాఫీసు.
"సంస్థ పేరేందమ్మా?" అన్నాడు గుమాస్తా పెంచలబాబు.

సంస్థ.
ఇరవై రెండేళ్లు గంప మోశాను
జువ్వలదిన్నె నుంచి బిట్రగుంట రైలు క్వార్టర్ల దాకా.
గంపకి పేరుండాలని ఎవురూ చెప్పలా.
ఆ వీధుల్లో నాకే పేరు లేదు,
"ఏయ్, రొయ్యలూ!" అంటే తిరిగి చూసేదాన్ని.

మా అత్త పేరు చెప్పాను. కావేరమ్మ.
పచ్చడి ఆమెది, ఉప్పు కొలత ఆమె అరచెయ్యి.
తెర మీద ఒక చక్రం తిరిగి తిరిగి
సరేనంది.

"వ్యాపార స్వభావం?"
ముక్కోపిది, బాబూ.
ముసురు పడితే అలుగుద్ది,
వేట ఆపమన్న రెండు నెలలూ
మూతి ముడుచుకుని మూల కూచుంటది.
అతను నవ్వి, "తయారీ" అని కొట్టాడు.

"స్థలం ఎవరిది?"
కరెంటు బిల్లు అత్త పేరు మీదుంది.
వంద రూపాయల స్టాంపు కాయితం మీద
ఒకే కుండ కూడు తినే ఇద్దరం
ఓనరూ అద్దెదారూ అయ్యాం.
వేలిముద్ర వేసి, సిరా కొంగుకి తుడుచుకుని
అత్త అడిగింది:
"అయితే అద్దె ఎప్పుడిస్తావే?"

నీళ్లు సీసాలో పట్టి నెల్లూరు ల్యాబుకి పంపాను.
మేం పుట్టినకాడ్నుంచీ తాగే బోరు నీళ్లు
తాగొచ్చని రాసిచ్చారు.
ఫుడ్డు ఇన్‌స్పెక్టరమ్మ వచ్చి ఈగల్ని చూసింది,
ఈగలు ఆమెను చూశాయి.
కిటికీకి జాలీ, గోడకి తెల్ల టైల్సు,
తలకి దోమతెర లాంటి టోపీ.
అత్తకి తొడిగి, పెళ్లికూతురిలా ఉండావన్నాను.
గరిటె కాడతో ఒకటి అంటించింది.

పద్నాలుగు అంకెల నంబరొచ్చింది.
సీసా మీద వేశాక రుచి మారలా,
ధర మారింది.

గోడ మీది క్యాలెండర్లో ఇదివరకు
అమావాస్యా పున్నమీ చూసేవాళ్లం, పోటు కోసం.
ఇప్పుడు ఇరవయ్యో తేదీకి ఎర్ర గుండ్రం.
సముద్రమన్నా ఒకనాడు నిదానంగా లేస్తది,
ఇరవై మాత్రం ఆగదు.

మే అయిపోయింది. వలలు ఇంకా మడతల్లోనే ఉండాయి.
రొయ్య లేదు, దాచిన సీసాలు ఏప్రిల్లోనే పొయినాయి.
పెంచలబాబు ఫోను: "పోయిన నెల అమ్మకం ఎంతమ్మా?"
ఏం అమ్మలా.
"అయితే ఏం అమ్మలేదని చెప్పాల.
చెప్పకపోతే రోజుకి ఇరవై రూపాయలు."

అమ్మనిదానికి కూడా లెక్కా?
నిండు గంపతోనే తిరిగొచ్చిన రోజులెన్ని,
బిట్రగుంట ప్లాట్‌ఫారం చివర
కుక్కలకి గుమ్మరించిన రోజులెన్ని,
ఒక్కదాన్నీ ఎవురికీ చెప్పలా.
అడిగినోళ్లు లేరు.
ఇప్పుడు ఢిల్లీలోనో యాడనో ఒక యంత్రం
నా సున్నా కోసం నెలనెలా కాసుకుని ఉండాది.
అది మర్యాదో, బెదిరింపో
ఇంకా తేల్చుకోలా.

ఫోను కుయ్యిమంది. ఆరంకెలు.
పది నిమిషాల్లో చచ్చిపోతాయంట.
పడవ నీడన కూచుని
ఒక్కోటీ గట్టిగా చదివాను:
నాలుగు, సున్నా, ఏడు, ఏడు...
వలకి చిల్లులు కుట్టేవాళ్లు తలెత్తి చూశారు,
చీటీ పాట అనుకున్నారో ఏమో.
"ఎక్కింది" అన్నాడు.

ఇంటికొస్తే అత్త గడపలోనే కూచోనుంది.
"మరి నా అద్దె?"
సున్నా అత్తా.
పోయిన నెలంతా సున్నా.
"నోటితో కాదు," అంది,
"కాయితం మీద పెట్టు."