గది నిశ్శబ్దం

ఏ గది మౌనం దానిదే.
డబ్బింగు మొదలయ్యే ముందు
అందర్నీ ఊపిరి బిగబట్టమని
ఒక నిమిషం ఉత్త గదిని రికార్డు చేస్తాను.
మాటకీ మాటకీ మధ్య మాసిక వెయ్యడానికి
ఆ గుడ్డముక్క కావాలి.
కోడంబాక్కంలో ఇరవై రెండేళ్లుగా
ఇదే నా దర్జీపని.

ఆ వానల్లో గుడ్డమీద మరక పడింది.
ఏసీ ఆపాను. ఫ్యూజులు పీకాను.
పై వాటా కాత్యాయనిగారి గ్రైండరేమోనని
మెట్లెక్కి అడిగి తిట్లు తిన్నాను.
చివరికి మీటరు కాదు, నా అరికాళ్లు చెప్పాయి:
ఇది కిందనుంచి వస్తోంది.

మర్నాడు పసుప్పచ్చ టోపీ కుర్రాడొచ్చాడు,
ఇళంచేరన్, సేలం వైపువాడు.
గోడ బీట మీద గాజుపలక అతికించి
తారీకు రాశాడు.
"మెషీను రోజుకి ఎనిమిది మీటర్లు, సార్.
పానగల్ పార్కు నుంచి వస్తోంది.
పన్నెండు రోజులు ఓర్చుకోండి.
గాజు పగిలితే ఫోన్ చెయ్యండి."

వీధిలో అప్పటికే మూడేళ్లుగా రేకులు.
బస్సు ఎక్కడాగుతుందో బస్సుకే తెలీదు.
ఇడ్లీల సెల్వమణి రేకుకి కన్నం పెట్టి
అందులోంచి పొట్లాలందించేవాడు.
తర్వాత ఆ కన్నమూ మూసేశారు.

గాజు పగల్లేదు.
పగిలింది శేషారత్నం గొంతు.
యాభై ఆరేళ్ల గొంతుతో
ఇరవయ్యేళ్ల పిల్ల ఏడుపు ఏడుస్తోంది.
ఏడ్చినప్పుడల్లా కిందనుంచి
ఎవరో శ్రుతి కలుపుతున్నారు.
ఏడో టేకుకి హెడ్‌ఫోన్ తీసేసి
నేలమీద చతికిలబడింది,
అరచెయ్యి గచ్చుకి ఆనించి.
"తవ్వేవాళ్లలో మనవాళ్లున్నారా?"

ఉన్నారు. టీకొట్టు దగ్గర విన్నాను.
మోకాళ్లదాకా బురద బూట్లు, ఇద్దరు,
"రేతిరంతా నిదరోనేదేటిరా" అంటూ
టెక్కలిని గ్లాసులో ఊదుకుంటున్నారు.

"అయితే ఈ టేకు ఉంచెయ్" అంది.
ఉంచలేదు. ప్రొడ్యూసరు ఊరుకోడు.
ఏడుపుని కడిగి, ఆరేసి పంపించేశాను.
వడగట్టగా మిగిలిన ఆ చప్పుడుని మాత్రం
పారబొయ్యడానికి చెయ్యి రాలేదు.
ఒక ఫైల్లో దాచాను.
పేరేం పెట్టాలో తెలీక తారీకు వేశాను,
గాజుమీద ఇళంచేరన్ వేసినట్టే.

రైలు మొదలైన వారం
పానగల్ పార్కులో ఎక్కాను.
కొత్త ప్లాస్టిక్ వాసన, చలి.
ఎదుట ఒక బడిపిల్ల ఒళ్లో పుస్తకం పెట్టుకుని
ఎక్కాలు అప్పజెప్పుకుంటోంది.
కళ్లు మూసుకున్నాను.
ఒక మలుపు. చిన్న కుదుపు.
ఇదిగో, ఇక్కడే,
నెత్తిమీద ఐదారు తాటిచెట్ల మట్టికి పైన
నా కుర్చీ, నా మైకు, నా గోడ బీట...
పిల్ల పదమూడో ఎక్కం దగ్గర తడబడేలోపు
దాటిపోయింది.

కోడంబాక్కంలో దిగాను.
సెల్వమణి కొట్టుండే చోట లిఫ్టు.
ఎస్కలేటరు మీద ఉండగా ఫోను, శేషారత్నం:
"ఎక్కడున్నావయ్యా? మైకు ముందు
కొయ్యలా నిలబెట్టావు నన్ను.
ఇందాక గదిలో ఏదో కదిలి వెళ్లినట్టైంది,
నీ మిషన్లేమైనా పాడయ్యాయా?"

"లేదు," అన్నాను,
"నేనే."