తుడవని పలకలు

మార్కాపురంలో మధ్యాహ్నం బస్సు తప్పిపోతే
ఏం చెయ్యాలో నాకు తెలుసు.
విత్తనాల కంపెనీ సంచీ భుజాన వేసుకుని
ఎవరూ చూడనివి చూడటానికి పోతాను.
ఉదయగిరిలో చెక్క గరిటెల గది చూశాను,
ఒక గరిటె మరీ చిన్నది, చీమకి ఉగ్గు పెట్టొచ్చు.
కావలిలో ఒకాయన
చెవులు పోయిన తాళంకప్పలే దాస్తాడు.
గోడనిండా నాలుగొందల కప్పలు,
ఒక్కటీ నోరు తెరవదు.

ఇక్కడ టీ బంకు కుర్రాడు అడిగాడు:
"పలకల ఖాసింబీ ఇంటికి పోయినావా సార్?
టికెట్టు ఒక బలపం."

తర్లుపాడు రోడ్డులో, మూతపడ్డ ఫ్యాక్టరీ వెనక
రేకుల వసారా. గుమ్మం పక్కన సత్తు డబ్బా.
నా బలపం అందులో పడి టక్కుమంది.
అదే రసీదు.

లోపలంతా పలకలు.
మెట్టూ పలకరాయే, గోడా పలకరాయే అయిన ఊళ్ళో
పలకలెవరికి వింత?
కానీ ఇవి తుడవనివి.

"పిల్లకాయలు పలక పగలగొట్టుకోని
కొత్తదానికి ఫ్యాక్టరీ కాడికొచ్చేవోళ్ళు.
అర్ధరూపాయికి ఇచ్చి, పాతది నేను తీసిపెట్టుకునేదాన్ని.
రాసింది పోకుండా."
ముప్పయ్యేళ్ళు చట్రాలు బిగించిన వేళ్ళు
గాల్లోనే చూపిస్తాయి, దేన్నీ తాకవు.

ఒకదాని మీద అ, ఆ. ఇ రావాల్సిన చోట మేక.
ఒకదాని మీద ఏడూ ఎనిమిదీ పదమూడు;
పంతులు సున్నా చుట్టాడు,
పిల్లవాడు ఆ సున్నాకి కళ్ళూ మీసాలూ పెట్టాడు.
ఒకదాని మీద "రేపు బడి లేదు", అంతే.
ఏ రేపో!
నలభయ్యేళ్ళుగా సెలవే.

ఒక పలక ఖాళీగా కనిపించింది.
"ఖాళీ ఏంది? ఉమ్మేసి మోచేత్తో తుడిచింది కనపళ్ళా?
సరిగ్గా చూడు, వానమబ్బు మాదిరి."
చూశాను.
ఒక చిన్న మోచెయ్యి
ఎడమనించి కుడికి నడిచిపోయిన దారి.
ఆ పిల్ల ఇప్పుడు కంభంలో నర్సంట.

ఫ్యాను ఉంది, వెయ్యదు. బయట మే నెల.
"గాలికి అచ్చరాలు రాలతాయి సార్."
నా గడ్డం కింద చెమట చుక్క వేలాడుతుంటే
నేనే రెండడుగులు వెనక్కి జరిగాను.

చివర్న, కిటికీకి ఆనించి,
అదే తెల్లచెక్క చట్రంలో, అన్నిటికన్నా పెద్దది.
నలుపు మీద తెల్లగా పక్కటెముకలు,
వాటి మధ్య పిండి జల్లినట్టు చుక్కలు.
ఎక్స్‌రే.
"మా ఆయన. మస్తాన్‌వలీ.
రాయి కోసే మిషను మీద పద్దెనిమిదేళ్ళు."
నేనేమీ అనలేదు.
"అదీ పలకే గదా. దుమ్ము రాసింది,
ఒంగోలు డాక్టరు చదివి చెప్పినాడు."
నీళ్ళ చెంబు నా చేతికిచ్చి, కాసేపయ్యాక,
"దీన్ని తుడవాలని చానా చూసినాం," అంది.

పోయేవాళ్ళు ఒక మాట రాయాలి.
దానికి వేరే పలక. ఆ ఒక్కటే తుడిచేది.
నాకంటే ముందు ఎవరో గిద్దలూరాయన
"నీళ్ళు చల్లగా ఉన్నాయి" అని రాసి పోయాడు.
గుడ్డ కోసం వెతికాను, కనపళ్ళేదు.
అరచేత్తో ఆయన్ని చెరిపేసి,
ఏం రాయాలో తోచక,
ఏడూ ఎనిమిదీ పదిహేను అని రాశాను.
ఖాసింబీ తల వంచి చూసి,
"ఆ పిల్లోడికి చెప్తాలే," అని నవ్వింది.

బస్సులో కండక్టరు చిల్లర ఇస్తే
ఎడమచేత్తో తీసుకున్నాను, తిట్టాడు.
పొదిలి దాటేదాకా
కుడి అరచెయ్యి దేనికీ ఆనించలేదు.
తర్వాత ఎప్పుడో
చెమటకి పోయినట్టుంది.